ఫెయిర్‌ఫర్డ్ చర్చి – దాని రంగుటద్దములు

ఇంగ్లండు దేశములో ఏ పల్లెను సమీపించినను, దూరమునుండియే మొదట కంటబడునది ఆ ఊరి చర్చి గోపురము. గోపురము చుట్టును పచ్చికయు, పచ్చికలో తరతరముల సమాధి ఫలకములును ఉండును. ఆ కట్టడము వారమునకు ఒకనాడు ప్రార్థన జరుగు చోటు మాత్రమే కాదు. ఊరివారు బాప్తిస్మము పొందునది అక్కడ, వివాహమాడునది అక్కడ, తుదకు మట్టిలో కలియునదియు ఆ ఆవరణలోనే. ఎనిమిదవ హెన్రీ రాజు కాలమున, 1538లో వెలువడిన ఉత్తరువు ప్రకారము ఈ మూడింటి లెక్కను ప్రతి చర్చియు పుస్తకమున వ్రాసి యుంచవలసి వచ్చినది. అందుచేత అనేక గ్రామముల చరిత్రకు నేటికిని చర్చి దస్తరమే మొదటి ఆధారము.

ఇట్టి చర్చికి చెందిన ప్రాంతమునకు ‘పారిష్’ అని పేరు. మన గ్రామములకు పొలిమేరలున్నట్లే పారిష్‌లకును ఎల్లలు కలవు. ఆ ఎల్లల లోపలి ప్రజల మంచిచెడ్డలను విచారించు గురువును వికార్ అనియో, రెక్టర్ అనియో పిలుతురు. కట్టడమును, పాత్రసామగ్రిని, లెక్కలను కనిపెట్టుటకు ఏటేట ఇద్దరు గృహస్థులను ఎన్నుకొందురు. వారు చర్చి వార్డెన్లు. మన దేవాలయములకు ధర్మకర్తలు ఎట్టివారో వారును దాదాపు అట్టివారే. పదునారవ శతాబ్దమున పోపు అధికారమునుండి విడివడి, రాజును తన పరిపాలనకు పెద్దగా నుంచుకొన్న ఇంగ్లండు సంఘమునకు ఆంగ్లికన్ సంఘమని పేరు. ఆ దేశపు పురాతనమైన పారిష్ చర్చులన్నియు ఆ మార్పునకు ముందు రోమను కాథలిక్ ఆరాధనకై కట్టబడి, తరువాత ఆంగ్లికన్ చర్చులైనవే. ఈ సంగతి మనస్సున నుంచుకొన్ననే గాని ముందు చెప్పబోవు కథ బోధపడదు.

గ్లాస్టర్‌షైర్ మండలమున, కోల్న్ అను చిన్న నది యొడ్డున, ఫెయిర్‌ఫర్డ్ అను ఊరు కలదు. అక్కడి చర్చి పరిశుద్ధ మరియ పేర వెలసినది. దానికి 28 రంగుటద్దపు కిటికీలు కలవు. మధ్యయుగపు రంగుటద్దములు ఇంగ్లండులో ఒక పారిష్ చర్చియందు ఇంచుమించు పూర్తిగా నిలిచి యున్నది ఇక్కడనే యని పండితులు చెప్పుదురు. తక్కిన వేలాది చర్చులలో మిగిలినది ఒకచోట ఒక ముఖము, ఒకచోట ఒక దేవదూత రెక్క, ఇంకొకచోట చిందరవందరగా అతికిన ముక్కలు మాత్రమే. చేయి తగిలిన పగులు గాజు అయిదువందల యేండ్లు ఎట్లు నిలిచినది? ఒక జనసమూహము తన విశ్వాసమును మార్చుకొన్నప్పుడు, పూర్వ విశ్వాసము చేసి యిచ్చిన వస్తువులను ఏమి చేయవలెను? ఫెయిర్‌ఫర్డ్ చరిత్ర ఈ రెండు ప్రశ్నలకును ఉదాహరణముగా నిలుచును.

ఈ చర్చికి నేటి రూపమిచ్చినవాడు జాన్ టేమ్ అను ఉన్ని వర్తకుడు. ఫెయిర్‌ఫర్డ్ కాట్స్‌వోల్డ్ కొండల అంచున నున్నది. ఆ కొండల గొఱ్ఱెల ఉన్నికి మధ్యయుగమున ఐరోపా సంతలలో గొప్ప గిరాకి యుండెడిది. ఉన్నివలన ధనవంతులైన వర్తకులు తమ తమ ఊళ్లలో చర్చులను పడగొట్టి పెద్దవిగా కట్టించిరి. అట్టివానిని నేటికిని ‘ఉన్ని చర్చులు’ అందురు. కట్టించిన వర్తకునకు అందు పుణ్యమును కలదు, ప్రతిష్ఠయును కలదు. తన మరణానంతరము గురువులు తన ఆత్మకొరకు ప్రార్థింతురను నమ్మకమును కలదు. జాన్ టేమ్ 1490ల నాటికి పాత చర్చి గోపురపు క్రింది భాగమును నిలిపి, తక్కినదానిని క్రొత్తగా కట్టించెను. 1500లో అతడు మరణించినాడు. కుమారుడు ఎడ్మండ్ టేమ్ తండ్రి తలపెట్టిన పనిని పూర్తిచేసెను. తండ్రి సమాధి బలిపీఠమునకు ఉత్తరపు ప్రక్కన ఇప్పటికిని ఉన్నది. దానిపై అతని రూపమును, అతని భార్య రూపమును ఇత్తడి రేకులతో చెక్కి పొదిగినారు.

ఆ కాలపు కట్టడపు తీరు కిటికీలకు మిక్కిలి అనుకూలమైనది. గోడలో రాతి భాగము తగ్గి, సన్నని నిలువు రాతి కమ్ముల నడుమ విశాలమైన గాజు భాగము పెరిగినది. అందుచేత లోపల నిలుచున్నవానికి చర్చి యంతయు వెలుతురుతో కట్టిన పందిరివలె తోచును. ఆ గాజు 1500 మొదలు 1517 లోపల తయారైనది. బార్నర్డ్ ఫ్లవర్ అను పనివాని కార్యశాలకు చెందిన పనివారే దీనిని చేసిరని పండితుల అభిప్రాయము. ఐరోపా భూభాగమునుండి వచ్చి లండనులో స్థిరపడిన ఇతడు రాజునకు ఆస్థాన కాచశిల్పి, 1517లో మరణించెను. కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజి ప్రార్థనాలయపు కిటికీలకు ఆరంభము చేసినవాడును ఇతడే. టేమ్ సముద్రముపై ఒక ఓడను పట్టుకొనగా, అందు రోము నగరమునకు పోవుచున్న ఈ అద్దములు దొరికినవనియు, వాటికి సరిపోవునట్లు ఆతడు చర్చి కట్టించెననియు పూర్వము ఒక కథ చెప్పుకొనెడివారు. కథ వినసొంపుగా నున్నది గాని నిజము కాదు. ఆయా కిటికీల కొలతకే ఆయా చిత్రములు అమరియున్నవి.

రంగుటద్దము అనగానే గాజుపై రంగులు పూసిన బొమ్మ యని తోచవచ్చును. అసలు పని అట్టిది కాదు. ఇసుకను, చెట్ల బూడిదను కలిపి కరగించినచో గాజగును. కరగిన గాజులో లోహపు భస్మములను కలిపినచో ఆ గాజే రంగు తేలును. కోబాల్టు వలన నీలము, మాంగనీసు వలన ఊదా, రాగివలన ఎఱుపును పచ్చయును వచ్చును. రాగి ఎఱుపు మిక్కిలి చిక్కనిది. ముద్ద యంతయు దానితోనే చేసినచో వెలుతురు దూరక నల్లగా కనబడును. కావున తెల్లని గాజుపై పలుచని ఎఱ్ఱని పొర నొకదానిని పట్టించెడివారు. పదునాల్గవ శతాబ్దపు తొలినాళ్లలో మరియొక ఉపాయము వాడుకలోనికి వచ్చినది. వెండి కలిపిన పూతను తెల్లని గాజు వెనుక పూసి బట్టీలో కాల్చగా బంగారువన్నె తేలును. కిరీటమును, తెల్లని ముఖమును, పసుపుపచ్చని జుట్టును వేరువేరు ముక్కలుగా అతుకక ఒకే ముక్కపై చూపుటకు దీనివలన వీలు కలిగినది.

పనివాడు మొదట కిటికీ యంత పరిమాణమున చిత్రమును గీయును. దాని ప్రకారము గాజును ముక్కలుగా కత్తిరించి, అంచులను ఇనుప పనిముట్టుతో కొరికి సరిచేయును. కన్నులు, పెదవులు, బట్టల ముడుతలు మొదలగు గీతలను లోహపు పొడి, గాజు పొడి కలిపిన నల్లని రంగుతో వ్రాసి బట్టీలో కాల్చును. అప్పుడు ఆ గీతలు గాజును అంటి నిలుచును. పిమ్మట ముక్క ముక్కకును నడుమ సీసపు పట్టీని దూర్చి, కూడళ్లను మాటువేసి, పలకలను ఇనుప కమ్ములకు కట్టి కిటికీలో నిలుపును. దూరము నుండి చూచినప్పుడు చిత్రమునకు అంచు గీతవలె తోచు నల్లని రేఖ యీ సీసమే. మెదకు కెథీడ్రలును దర్శించినవారికి ఈ పనియొక్క ఫలితము తెలిసినదే. 1924లో ప్రతిష్ఠ జరిగిన ఆ దేవాలయము వెస్లియన్ మెథడిస్టులు కట్టించినది. అందలి కిటికీలు లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్బరీ రచనలు. సంఘము వేరు, కాలము వేరు. అయినను ఎండ గాజును దాటి నేలపై రంగు పఱచునప్పుడు కలుగు ఆనందము రెండు చోట్లను ఒక్కటే.

ఇక ఫెయిర్‌ఫర్డ్ కిటికీలను వరుసగా చూతము. అవి ఒక గ్రంథమునకు పుటలవంటివి. ఉత్తరపు ప్రక్కన ఆరంభించి, తూర్పున బలిపీఠముమీదుగా దక్షిణమునకు తిరిగి, పడమటి ద్వారము దాటి మరల ఉత్తరమునకు వచ్చునట్లు వాటిని చదువవలెను. మొదటి కిటికీలో నాలుగు పాత నిబంధన కథలు కలవు. సర్పము మాటకు లోబడిన హవ్వ, మండుచున్నను కాలని పొదను చూచిన మోషే, గొఱ్ఱెబొచ్చుపై మంచు కురిసిన గుర్తును పొందిన గిద్యోను, సొలొమోనును చూడవచ్చిన షేబ దేశపు రాణి. ఇవి రాబోవు క్రీస్తు కథకు ముందు సూచనలని ఆనాటివారి వ్యాఖ్య. తరువాత మరియ తలిదండ్రుల కథ, ఆమె జననము, యోసేపుతో ఆమె ప్రధానము. పిమ్మట దేవదూత శుభవార్త, క్రీస్తు జననము, జ్ఞానుల రాక, శిశువును దేవాలయమున సమర్పించుట.

తూర్పు దిక్కున బలిపీఠముపై నున్న పెద్ద కిటికీలో క్రింది వరుస క్రీస్తు యెరూషలేము ప్రవేశమునుండి సిలువను మోయువరకు జరిగిన ఘట్టములను చూపును. పై భాగమంతయు సిలువ మరణమునకు కేటాయింపబడినది. దక్షిణపు ప్రక్కన సమాధి, పునరుత్థానము, ఎమ్మాయు గ్రామపు భోజనము, తోమా సందేహము, ఆరోహణము, పరిశుద్ధాత్మ దిగివచ్చుట. ఇట్లు తొమ్మిది కిటికీలతో కథ ముగియును.

తరువాతి కిటికీలు కథను విడిచి సిద్ధాంతమును చెప్పును. దక్షిణపు గోడలో మూడు కిటికీలలో పన్నిద్దరు అపొస్తలులు నిలుచుందురు. ఒక్కొక్కరి తలమీదుగా ఒక్కొక్క వ్రాతపట్టీ చుట్టుకొని యుండును. దానిలో అపొస్తలుల విశ్వాస ప్రమాణమునందలి ఒక్కొక్క వాక్యము లాటిను భాషలో వ్రాసియున్నది. పన్నిద్దరిని వరుసగా చదివినచో విశ్వాస ప్రమాణము పూర్తియగును. వారికి ఎదురుగా ఉత్తరపు గోడలో పన్నిద్దరు ప్రవక్తలు, తమ తమ ప్రవచనములతో. అటు పలికినది ఇటు నెరవేరినదని దాని భావము. ఈ వరుసలకు తోడుగా నలుగురు సువార్తికులకు ఒక కిటికీ, నలుగురు ప్రాచీన సంఘపితరులకు ఒక కిటికీ కలవు.

మీదికి చూచినచో, నడిమి భాగపు గోడల ఎత్తున ఇరువైపుల నాలుగేసి చిన్న కిటికీలు. దక్షిణపు వరుసలో విశ్వాసమునకై నిలిచిన పన్నిద్దరు పుణ్యపురుషులు, వారిమీద దేవదూతలు. ఉత్తరపు వరుసలో సంఘమును బాధించిన పన్నిద్దరు దుష్టులు; హేరోదు, కయప, యూదా మొదలగువారు; వారిమీద కోరలు గల దయ్యములు. ఉత్తర దిక్కున ఎండ నేరుగా పడదు. శిల్పి వెలుతురునుకూడ తన అర్థమునకు వాడుకొన్నాడు. పడమటి గోడలో నడుమ అంత్య తీర్పు, దానికి ఇరుప్రక్కల దావీదు తీర్పు, సొలొమోను తీర్పు. అంత్య తీర్పు చిత్రపు క్రింది భాగమున మిఖాయేలు దూత ఆత్మలను త్రాసులో తూచును. ఒకవైపు రక్షింపబడినవారిని పేతురు స్వాగతించును. మరియొకవైపు నరకపు ఎఱుపులో దయ్యములు పాపులను లాగుకొనిపోవును. ఒక దయ్యము ఒక స్త్రీని ఒంటిచక్రపు తోపుడుబండిలో వేసుకొని పోవుచున్నది. భయపెట్టుటకు వ్రాసిన చిత్రములో కూడ ఆనాటి పనివాడు నవ్వుటకు చోటు వదలినాడు. ప్రజలు చర్చినుండి బయటకు నడుచునప్పుడు తుదిగా ఎదుట పడునది ఈ కిటికీయే.

అద్దములు నిలిపి ముప్పది యేండ్లైనను గడువక మునుపే దేశము తలక్రిందులైనది. 1534లో పార్లమెంటు శాసనము రాజును ఇంగ్లండు సంఘమునకు అధిపతిగా గుర్తించినది. 1547లో బాలరాజైన ఆరవ ఎడ్వర్డు పేర వెలువడిన ఉత్తరువులు, జనులు పూజించిన విగ్రహములను, చిత్రములను గోడలపైగాని గాజుపైగాని మిగులనీయరాదని శాసించినవి. ఆ యేడే మృతుల ఆత్మలకై ప్రార్థనలు చేయించుటకు పెట్టిన ధర్మనిధులను ప్రభుత్వము రద్దుచేసెను. జాన్ టేమ్ ఏ నమ్మకముతో చర్చి కట్టించెనో ఆ నమ్మకమునకే చట్టము తలుపు మూసినది. గోడచిత్రములపై సున్నము పడినది. కొయ్య విగ్రహములు మంటలపాలైనవి.

అయినను అనేక చర్చులలో కిటికీలు వెంటనే పోలేదు. కారణము భక్తి మాత్రమే కాదు, ఖర్చుకూడ. గోడకు సున్నము కొట్టుట చవుక. కిటికీ పగులగొట్టినచో చలిగాలికిని వానకును తెల్లని గాజు కొని బిగింపవలెను. ఎసెక్సు మండలపు గురువు విలియం హారిసన్ 1577లో ప్రకటించిన తన దేశవర్ణనలో ఈ సంగతినే చెప్పియున్నాడు. క్రొత్త గాజు చాలకయు, వ్యయమునకు జంకియు, చిత్రములున్న కిటికీలను ఒక్కసారిగా తీయక, అవి మెల్లగా శిథిలమగునట్లు విడిచిరని ఆయన మాటల సారాంశము. ఒకప్పుడు ధనము వలన వెలసిన అద్దములను ఇప్పుడు ధనలోపము కాపాడినది.

ఆరాధన రూపమును ఈ కాలముననే మారెను. 1549లో ఆర్చిబిషప్పు థామస్ క్రాన్మరు ఆధ్వర్యమున ఆంగ్లభాషలో సామాన్య ప్రార్థనా పుస్తకము వెలువడినది. దానికి పలుమార్లు సవరణలు జరిగి, 1662 నాటి ప్రతి స్థిరపడినది. అంతకుముందు గురువు లాటినులో పలుకగా జనులు చూచుచు మోకరించెడివారు. ఇప్పుడు గురువు చదువును, జనులు తమ భాషలో బదులు పలుకుదురు. ఉదయ ప్రార్థన, సాయం ప్రార్థన, ప్రభు భోజన సంస్కారము అను మూడు ఆరాధనలు పారిష్ జీవితమునకు ఆధారములైనవి. దావీదు కీర్తనలు నూటయేబదింటిని ముప్పది దినములకు పంచి, ఉదయము కొన్ని, సాయంకాలము కొన్ని, నెలకొక పర్యాయము పూర్తిగా చదువునట్లు నియమించిరి. బైబిలునుండి పాత నిబంధన పాఠమొకటి, క్రొత్త నిబంధన పాఠమొకటి ఉదయ ప్రార్థనయందును, సాయం ప్రార్థనయందును చదువుదురు. ఇరువదవ శతాబ్దమున క్రొత్త క్రమములు వచ్చినవి. 2000 సంవత్సరమునుండి ‘కామన్ వర్షిప్’ అను క్రమము వాడుకలో నున్నది. 1662 పుస్తకము మాత్రము నేటికిని చట్టరీత్యా చెల్లుచునే యున్నది.

ఇచ్చట గమనింపదగిన విషయమొకటి కలదు. సాయం ప్రార్థనలో మొదటి పాఠము తరువాత మరియ కీర్తనను, రెండవ పాఠము తరువాత వృద్ధుడైన సిమెయోను కీర్తనను పాడుదురు. పిమ్మట జనులందరు లేచి నిలిచి అపొస్తలుల విశ్వాస ప్రమాణమును పలుకుదురు. ఫెయిర్‌ఫర్డ్‌లో మరియ కథ ఉత్తరపు కిటికీలలో నున్నది. సిమెయోను పాడిన సందర్భము, శిశు సమర్పణ ఘట్టము, ఆ ప్రక్కనే కలదు. విశ్వాస ప్రమాణపు వాక్యములు దక్షిణపు కిటికీలలో అపొస్తలుల తలలపై కలవు. గాజుపై నున్నది లాటిను, నోట పలుకునది ఇంగ్లీషు, వాక్యములు అవియే. చిత్రములను అనుమానించిన క్రొత్త ఆరాధనయు, చిత్రములతో నిండిన పాత గోడలును ఒకే పాఠమును వల్లించుచున్నవి. పగులగొట్టవలెనని వచ్చినవారికి ఆ కిటికీలలో శత్రువు కనబడెను. ప్రతి సాయంకాలము ఆ క్రిందనే నిలిచి ప్రార్థించినవారికి అందు తమ ప్రార్థనయే కనబడియుండవచ్చును.

గండములు అంతటితో తీరలేదు. 1642లో రాజునకును పార్లమెంటునకును యుద్ధము మొదలైనది. 1643, 1644 సంవత్సరములలో విలియం డౌసింగ్ అను అధికారి కేంబ్రిడ్జి, సఫోక్ మండలములలో రెండువందలకు పైగా చర్చులకు తిరిగి చిత్రములను పగులగొట్టించెను. ఏనాడు ఏ చర్చిలో ఎన్ని పగిలినవో దినచర్యలో వ్రాసికొనెను. ఫెయిర్‌ఫర్డ్ అద్దములను ఆ కాలమున విలియం ఓల్డిస్‌వర్త్ అను పెద్దమనిషి కాపాడెనని స్థానిక పరంపర. ఊడదీసి దాచెననువారు కొందరు, సున్నము పూయించెననువారు కొందరు. విధము ఏదైనను, గాజు మిగిలినది.

మనుష్యులు విడిచినదానిని గాలి విడువలేదు. 1703 నవంబరులో దక్షిణ ఇంగ్లండును ముంచిన మహా తుపానుకు పడమటి కిటికీలు దెబ్బతిన్నవి. అంత్య తీర్పు పై భాగము మిక్కిలి చెడినది. 1860ల ప్రాంతమున జరిగిన మరమ్మతులో ఆ పై భాగమునకు క్రొత్త గాజు వేసిరి. నేడు ఆ కిటికీని చూచువారు క్రింది సగమునకును పై సగమునకును గల తేడాను సులభముగా కనిపెట్టగలరు. శత్రువు చేతికంటె మరమ్మతు చేయువాని చేయి ఒక్కొక్కప్పుడు ఎక్కువ హాని చేయును. పాత వస్తువులను కాపాడ బూనువారందరికి ఇది హెచ్చరిక.

ఆ శతాబ్దముననే ఇంగ్లండు సంఘము పాత కళలను, పాత ఆచారములను మరల ఆదరింప మొదలిడినది. ఆ కదలికకు ఆక్స్‌ఫర్డ్ ఉద్యమమని పేరు. 1833లో ఆక్స్‌ఫర్డులో చేసిన ప్రసంగముతో దానికి నాంది పలికిన జాన్ కీబుల్ 1792లో ఫెయిర్‌ఫర్డ్‌లోనే జన్మించెను. ఒకనాడు తొలగింపదగిన వస్తువులైన రంగుటద్దములు ఇప్పుడు ప్రతి చర్చియు కోరుకొను అలంకారములైనవి. విక్టోరియా రాణి కాలమున దేశమంతట చర్చులలో క్రొత్త రంగుటద్దములు వెలసినవి.

రెండవ ప్రపంచయుద్ధకాలమున బాంబుల భయముచేత ఫెయిర్‌ఫర్డ్ అద్దములను పలక పలకగా ఊడదీసి, ఆ ఊరి పెద్ద భవనపు నేలమాళిగలలో భద్రపఱచిరి. యుద్ధానంతరము మరల వాటి స్థానములలో నిలిపిరి. ఇటీవలి అపాయము వేరు విధమైనది. లోపలి తేమ గాజుపై చెమ్మగా పేరుకొని, వ్రాసిన గీతలను తినివేయును. బయట వానయు పొగయు గాజును గుంటలు పెట్టును. 1980ల చివరనుండి 2010 వరకు యార్క్ ప్రాంతపు నిపుణులు ఒక్కొక్క కిటికీని విప్పి శుభ్రపఱచిరి. పాత గాజును కొంచెము లోపలికి జరిపి, దాని పూర్వస్థానమున బయటి ప్రక్కకు సాదా గాజును బిగించి, రెంటి నడుమ లోపలి గాలి ఆడునట్లు సందు నుంచిరి. ఇప్పుడు వాన సాదా గాజుపై పడును. పాత గాజు లోపలి గదిలోని వస్తువువలె పొడిగా నుండును. మరమ్మతు అనగా క్రొత్తది వేయుట కాదు, ఉన్నదానిని చెడనీయకుండుట అను జ్ఞానము నూటయేబది యేండ్ల అనుభవముతో వచ్చినది.

ఇంతటి ఘనకీర్తి గల చోటు అయినను ఇది ఊరి చర్చియే. ఆదివారము ఆరాధన జరుగును, పెండ్లిండ్లు జరుగును, శిశువులకు తొట్టివద్ద బాప్తిస్మమిత్తురు. ఆవరణలో టిడిల్స్ అను పిల్లికికూడ రాతి జ్ఞాపికను నిలిపిరి. 1963 నుండి 1980 వరకు అది ఈ చర్చిని అంటిపెట్టుకొని యుండెను.

ఈ కథకును తెలుగు నేలకును దూరపు చుట్టరికమొకటి కలదు. 1841లో రాబర్టు నోబిలు, హెన్రీ ఫాక్సు అను ఇరువురు ఆంగ్లికన్ గురువులు మచిలీపట్టణమునకు వచ్చి పని మొదలిడిరి. నోబిలు కళాశాల ఆ పనియొక్క ఫలమే. 1912లో వి. ఎస్. అజరయ్యగారు దోర్నకల్లు బిషప్పుగా అభిషిక్తులై, ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి నందిన తొలి భారతీయులైరి. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికనులు, మెథడిస్టులు, మరికొన్ని సంఘములవారు కలిసి దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడిరి. ఆంగ్లికన్ ప్రార్థనా పుస్తకము అంతకు చాలకాలము ముందే తెలుగులోనికి వచ్చియుండెను. ఫెయిర్‌ఫర్డ్ అపొస్తలుల తలలపై లాటినులో నున్న వాక్యములనే దోర్నకల్లులోను, మచిలీపట్టణములోను జనులు తెలుగున పలుకుచున్నారు.

రేడియో గల ఇండ్లవారికి ఆంగ్లికన్ ఆరాధన శబ్దరూపమున చిరపరిచితము కావచ్చును. బి.బి.సి. వారు 1926 అక్టోబరులో వెస్ట్‌మినిస్టర్ ఆబేనుండి గానముతో కూడిన సాయం ప్రార్థనను ప్రసారము చేసిరి. నాటినుండి ఆ ప్రసారము సాగివచ్చుచున్నది. కింగ్స్ కాలేజి ప్రార్థనాలయమునుండి క్రిస్మసు పాటల ప్రసారము 1928లో ఆరంభమైనది. ఆ పాటలు మ్రోగునది బార్నర్డ్ ఫ్లవర్ మొదలుపెట్టిన కిటికీల నడుమనే. కీర్తన స్వరమును, పాఠపు మాటను రేడియో మన ముంగిటికి తేగలదు. గాజుపై వెలుతురును మాత్రము తేలేదు. ఆ వెలుతురు ఏ యంత్రమునకును పూర్తిగా లొంగదు, ఏలనన అది గంట గంటకు మారును. ఉదయము తూర్పు కిటికీలో సిలువ మెఱయును. సాయంకాలము పడమట నరకపు ఎఱుపు మండును. మబ్బు పట్టినచో రెండును మౌనము వహించును.

ఈ అద్దములను కాపాడినవారిలో మహారాజులు లేరు. పుణ్యమును కోరిన వర్తకుడొకడు, ఖర్చునకు జంకిన వార్డెన్లు కొందరు, పలకలను ఊడదీసి నేలమాళిగలో పేర్చిన పనివారు, సందు విడిచి గాలి ఆడనిచ్చిన నిపుణులు – వీరు ఒక్కొక్కరు ఒక్కొక్క కారణముచేత తమ వంతు పని చేసిరి. అందరి కారణములును ఉత్తమమైనవి కావు. ఒకరి విశ్వాసము మరియొకరిది కాదు. అయినను ప్రతి తరమునందును ఎవరో ఒకరు పగులగొట్టక నిలిచిరి. అందువలననే 28 కిటికీల గ్రంథము నేటికిని పుట పోక చదువ వీలగుచున్నది.